యాదమ్మ నోట నేను పెట్టిన ఇంగ్లీషు మాట

అనువాదం పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా మా ఇంటికి వస్తే మొదట నా నోటు పుస్తకాలు చూపించమంటారు. పదకొండు ఉన్నాయి. ఇంగ్లీషు జాతీయాలు, వాటి అర్థాలు, ఎక్కడ వాడతారో ఎక్కడ వాడకూడదో, అవి పుట్టిన కథలు, తెలుగులో వాటికి దగ్గరగా వచ్చే మాటలు అన్నీ నా చేతిరాతలో ఉంటాయి. చూసినవాళ్ళు ఫోన్లో ఫొటోలు తీసుకుంటారు. తీసుకోనిస్తాను. తొమ్మిదో పుస్తకంలో ఒక పేజీ దగ్గర మాత్రం ఆపుతాను. ఆ పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో గీత ఉంటుంది. గీత కింద ఉన్న జాతీయం ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’.

ఎందుకు కొట్టేశారని అడుగుతారు. ప్రతిసారీ నోటితో చెప్పడం కంటే ఒకసారి రాసి పెడితే నయమనిపించింది. మా పనిలో ప్రమోషన్లు లేవు కాబట్టి వాటి గురించి రాయడానికేమీ లేదు. ఎలా పనిచేశాం, ఎక్కడ తప్పు చేశాం అన్నదే మిగిలింది.

లైబ్రరీ చదువు

నేను ఇంటర్మీడియట్‌తో ఆగినవాణ్ణి. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఒక గోడౌన్‌లో గుమాస్తాగా కుదురుకున్నాడు. పై చదువు చదివించే శక్తి ఆయనకు లేదు. నేనూ పట్టుబట్టలేదు. టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాను. మిగతా చదువంతా చిలకలగూడ లైబ్రరీలోనే సాగింది. ఈ మాట నేను తగ్గి చెప్పను. కాలేజీలో చదివినవాళ్ళు పరీక్ష కోసం చదివారు. నేను ఎవరూ అడగకుండా చదివాను.

అక్కడ జాతీయాల నిఘంటువు ఒకటి ఉండేది. దాని వీపు ఊడిపోతే తెల్లదారంతో కుట్టారు. ఇంటికి ఇవ్వరు, కూర్చుని చదువుకోవాలి. ఆఫీసు అయ్యాక వెళ్ళి, లైబ్రేరియన్ కుర్చీలు సర్దే చప్పుడు మొదలయ్యేదాకా రాసుకునేవాణ్ణి. ‘ఏ’ అక్షరం దగ్గర మొదలుపెట్టాను. ‘టి’కి వచ్చేసరికి నాకు పెళ్ళయింది.

ఇలా ఒంటరిగా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. కష్టపడి సంపాదించిన మాటను వాడకుండా ఉండలేడు. అది సరిపోయే చోటు కోసం చూస్తుంటాడు. చోటు దొరక్కపోతే, దొరికిన చోటునే దానికి సరిపెడతాడు. ఆ రోజుల్లో ఈ సంగతి నాకు తెలియదు.

నర్సింగరావు గారు

మా ఆఫీసు చిలకలగూడలో ఇనుప సామాన్ల షాపు మీద మొదటి అంతస్తులో ఉండేది. యజమాని నర్సింగరావు గారు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదవగలరు. పాత దస్తావేజులు, వీలునామాలు, సాక్షుల వాంగ్మూలాలు, కంపెనీల్లో జరిగే విచారణల కాగితాలు మా దగ్గరికి వచ్చేవి. తెలుగులో ఉన్నది ఇంగ్లీషు చేయాలి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగు చేయాలి. విచారణలైతే మేమే అక్కడికి వెళ్ళి, మనిషి చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, అక్కడికక్కడే ఇంగ్లీషులో టైపు కొట్టి ఇవ్వాలి.

చేరిన కొత్తల్లో ఒక సాక్షి వాంగ్మూలం తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఆ సాక్షి ఒక ప్రశ్నకు “ఏమో సార్” అన్నాడు. నేను దాన్ని ‘నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు ఈ విషయమై నిశ్చయంగా చెప్పగల స్థితిలో లేను’ అన్న అర్థం వచ్చేలా చక్కటి ఇంగ్లీషులో పెట్టాను. ఆయన అక్కడ వేలు పెట్టి ఆగారు.

“గాయన రెండు ముక్కలన్నడు. నువ్వు రెండు లైన్లు కొట్టినవ్. మిగిలింది ఎవరిది?”

“అర్థం అదే కదండీ.”

“అర్థం గురించి కాదు నేనడిగేది. మిగిలింది ఎవరిది అంటున్న.”

నేను నవ్వి ఊరుకున్నాను. ఈయన నిఘంటువు తెరిచి ఎన్నేళ్ళయిందో అనుకున్నాను. ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి మరో నాలుగేళ్ళు పట్టింది.

ఆయన్ని గొప్ప గురువుగా నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. పని ఎక్కువగా ఒప్పుకునేవారు. తొందర పెట్టేవారు. ఆ తొందరలో పుట్టిన ఒక అడ్డదారిని మా అందరికీ నేర్పింది కూడా ఆయనే. దాని గురించి వస్తాను.

ఆ మాటకు అర్థం, వాడుక

‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’ అంటే గుడ్డి కన్ను తిప్పడం. కనబడుతున్న తప్పును కనబడనట్టు వదిలేయడం. దీనికి ఒక కథ చెబుతారు. ఒంటికన్ను నావికా సేనాని ఒకాయనకు యుద్ధం మధ్యలో, వెనక్కి రమ్మని పై అధికారి జెండాలతో సైగ పంపాడట. ఆయనకు వెనక్కి రావడం ఇష్టం లేదు. దుర్భిణి తీసి చూపు లేని కంటికి పెట్టుకుని, తనకేమీ కనబడలేదన్నాడట. కథ ఎంతవరకు నిజమో గానీ నిఘంటువులన్నీ దీన్నే చెబుతాయి. నేను కథంతా రాసుకుని పక్కన దుర్భిణి బొమ్మ కూడా వేసుకున్నాను.

తెలుగులో ‘చూసీ చూడనట్టు ఊరుకోవడం’ దీనికి బాగా దగ్గర. ‘కళ్ళు మూసుకోవడం’ ఇంకొంచెం కటువు. రెండు భాషల్లోనూ ఇది ఎప్పుడూ నింద కానక్కరలేదు. పరీక్ష అయిపోయిన రోజు పిల్లలు క్లాసులో అల్లరి చేస్తుంటే టీచర్ చూసీ చూడనట్టు ఉంటుంది. అది దయ. ఫుట్‌పాత్ మీద పూలమ్మే ముసలమ్మను పోలీసు చూసీ చూడనట్టు వెళ్ళిపోతాడు. అదీ దయే. అదే మాట విచారణ కాగితంలోకి వస్తే దయ పోతుంది, నేరం మిగులుతుంది.

దయ అయినా నేరమైనా, ఈ మాట వాడాలంటే మూడు ఉండాలి. మనిషి చూసి ఉండాలి. ఏదో ఒకటి చేయగలిగి ఉండాలి. చేయకూడదని తనకు తాను అనుకుని ఉండాలి. దుర్భిణి పొరపాటున గుడ్డి కంటికి తగల్లేదు, ఆయనే పెట్టుకున్నాడు. నా పేజీలో మొదటి రెండూ అంకెలు వేసి రాసుకున్నాను. మూడోది రాసుకోలేదు. కథలోనే ఉంది కదా అనుకున్నానేమో.

బిస్కెట్ల కంపెనీ విచారణ

ఊరి చివర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉండేది. మా ఆఫీసుకు వచ్చే పనిలో చాలా భాగం వాళ్ళదే. అక్కడ పిండిని పలచగా నొక్కే మిషన్‌కు రెండు రోలర్లు, వాటి మీద ఇనుప జాలీ మూత ఉండేవి. ఒకరోజు కడగడానికి ఎవరో ఆ మూత తీసి, మళ్ళీ పెట్టలేదు. మధ్యాహ్నం కాకముందే ఒక అమ్మాయి చెయ్యి రోలర్లలోకి వెళ్ళింది. రెండు వేళ్ళు నలిగాయి. వేళ్ళు దక్కాయి గానీ వంగవు.

ఆ లైను చూసుకునే మనిషి యాదమ్మ. మూతలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడటం ఆమె పని. కంపెనీ రూల్సులో అజాగ్రత్తకు కొన్నాళ్ళ సస్పెన్షన్, తెలిసి కావాలని వదిలేసినదానికి ఉద్యోగం నుంచి తొలగింపు అని ఉంది. యాదమ్మకు భర్త లేడు. బన్సీలాల్‌పేట్‌లో ముసలి అత్తగారితో ఉండేది. ఆ ఇంటికి ఉన్నది ఈ ఉద్యోగమొక్కటే.

విచారణాధికారిగా బయటి నుంచి ఒక న్యాయవాదిని పెట్టారు. ఆయనకు తెలుగు రాదు. అందుకే నేను వెళ్ళాను. కంపెనీ క్యాంటీన్ వెనక చిన్న గది, ఒక బల్ల, నా టైపు మిషను. యాదమ్మ నలభై దాటిన మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు. అడిగినదానికి చెప్పింది. ఆమె మాటలు నా షార్ట్‌హ్యాండ్ పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి.

“మూత లేకుంట ఉన్నది సూశిన సార్. పెట్టియ్యాలె అనుకున్న. గంతల పొయ్యికాడ బెల్టు ఆగింది, పిలిశిండ్రు. ఉరికిన. మల్ల గది యాదికి రాలె. తప్పు నాదే.”

ఆరు చిన్న వాక్యాలు. ఏ స్కూలు పిల్లవాడైనా వాటిని ఆరు ఇంగ్లీషు వాక్యాలుగా రాయగలడు. నేను అలా రాయలేదు. మొదటి ఐదింటినీ కలిపి ఒకే వాక్యం చేశాను. మూత లేదని గమనించాననీ, పొయ్యి దగ్గర పని ఉండటంతో దానికి ‘టర్న్‌డ్ ఎ బ్లైండ్ ఐ’ అనీ. చివరి మాట, తప్పు నాదే అన్నది, వదిలేశాను. గుడ్డి కన్ను తిప్పానని ఒప్పుకున్నాక అది వేరే చెప్పనక్కర లేదనుకున్నాను. లైబ్రరీలో ఆ మాట రాసుకుని ఇంకా నెల కాలేదు.

విచారణాధికారి కాగితం చదివి, చాలా బాగా పెట్టారని ఇంగ్లీషులో మెచ్చుకున్నారు. బస్సులో ఇంటికి వస్తూ ఆ మెప్పును ఎన్నిసార్లు తలచుకున్నానో చెప్పడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది.

చదివి వినిపించడం

వాంగ్మూలం కింద ప్రతిసారీ ఒక వాక్యం ఉంటుంది. ‘పైన రాసినదంతా చెప్పినవారికి తెలుగులో చదివి వినిపించాను, సరిగా ఉందని ఒప్పుకుని సంతకం చేశారు’ అని. దాని కింద అనువాదకుడు సంతకం చేస్తాడు. దాన్నే సర్టిఫికెట్ అంటాం.

ఇప్పుడు అడ్డదారి గురించి. ఇంగ్లీషు కాగితం పట్టుకుని, వాక్యం వాక్యం మళ్ళీ తెలుగు చేసుకుంటూ చదవడం నెమ్మదైన పని. తడబడతాం. వినేవాళ్ళు విసుక్కుంటారు. అందుకని మేము చేసేది ఏమిటంటే, కాగితం చేతిలో పట్టుకుని, చూపు దాని మీద పెట్టి, నోటితో మాత్రం ఆ మనిషి ఇందాక అన్న తెలుగు మాటలే గుర్తున్నంతవరకు అప్పజెప్పేవాళ్ళం. షార్ట్‌హ్యాండ్ రాసినవాడికి అవి గుర్తుంటాయి. త్వరగా అయిపోతుంది. వినేవాళ్ళకు తమ మాటలే తమకు వినబడతాయి కాబట్టి ఎవరూ కాదనరు. ఇది మోసమని మాకు ఎప్పుడూ తోచలేదు. పనితనమనే అనుకున్నాం.

యాదమ్మకు అలాగే వినిపించాను. చూశాను, పెట్టించాలనుకున్నాను, బెల్టు ఆగింది, ఉరికాను, యాదికి రాలేదు, తప్పు నాదే.

“గదే సార్. గట్లనే చెప్పిన,” అంది ఆమె.

పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా పేరు రాసింది. పక్కన నేను సంతకం చేశాను. ఆమె విని ఒప్పుకున్నది ఒకటి, సంతకం పెట్టింది ఇంకొకటి. ఆ సంగతి తెలియగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. నేనూ గమనించలేదు.

తిరిగి వచ్చిన కాగితం

కొన్ని వారాలకు కంపెనీ నుంచి ఒక నోటీసు మా ఆఫీసుకు వచ్చింది. తెలుగు చేసి పంపాలి. నా బల్ల మీదికే వచ్చింది. యాదమ్మను ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో వారంలోగా జవాబు చెప్పమని నోటీసు. కారణం కింద ఇంగ్లీషులో ఇలా ఉంది: ఆమె తానే ఒప్పుకున్న ప్రకారం, తెలిసి, ఉద్దేశపూర్వకంగా, ‘టర్న్‌డ్ ఎ బ్లైండ్ ఐ’.

మొదట నాకు సంతోషమే కలిగింది. నా మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. తర్వాత దాన్ని తెలుగులో రాయడానికి కలం తీశాను. ‘చూసి కూడా కావాలని కళ్ళు మూసుకున్నానని మీరే ఒప్పుకున్నారు’ అని రాశాను. నా వాక్యాన్ని నా చేత్తోనే తెలుగులో చదివాక అర్థమైంది. ఆ మనిషి ఆ మాట అనలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాను. మా ఆవిడది చీపురుపల్లి. చదువు తక్కువ, మాట సూటి.

“ఏటయ్యింది? అన్నం అలాగే ఉండిపోనాది?”

“చూసి వదిలేయడం, చూసి మర్చిపోవడం, రెండూ ఒకటేనంటావా?” అని అడిగాను.

“పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే పొంగిపోతాయి. పొంగితే పొంగనీ అని పక్కన కూకున్నా పొంగిపోతాయి. రెండిటికీ పొయ్యి నేనే తుడవాలి గానీ, రెండూ ఒకటెలాగవుతాయి?”

నిఘంటువు అంత వివరంగా చెప్పలేదు.

మర్నాడు నర్సింగరావు గారికి చెప్పాను. ఆయన టీ చల్లార్చుకుంటూ విన్నారు.

“సంతకం ఆమెది. కంపెనీ మన పార్టీ. నువ్వెందుకు పరేషానయితున్నవ్?”

“ఆవిడ ఆ మాట అనలేదండీ.”

“మరి సదివినప్పుడు ఎందుకు కాదనలె?”

“నేను చదివింది ఆవిడ మాటలు. కాగితం మీద ఉన్నది కాదు.”

ఆయన కప్పు కింద పెట్టారు.

“మనం అందరం గట్లనే సదువుతం కదా,” అన్నారు, నాతో కాదన్నట్టుగా. తర్వాత, “రాస్తే రాయి. ఆఫీస్ కాగితం మీద మాత్రం రాయకు,” అన్నారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. ఆయన మీద ఆధారపడి ఆ ఆఫీసులో నలుగురం ఉన్నాం. ఆయన భయానికి కారణం ఉంది. నేను ఊరుకుని ఉంటే దానికి ఏ కారణమూ ఉండేది కాదు.

ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. నోటీసు తెలుగు చేసేటప్పుడు ఆ వాక్యాన్ని కొంచెం మెత్తగా రాసి పంపేద్దామా అని ఒక పూట ఆలోచించాను. ‘శ్రద్ధ చూపలేదు’ అంటే సరిపోతుంది, ఎవరూ పోల్చి చూడరు. కానీ అలా చేస్తే తన మీద ఉన్న ఆరోపణ ఏమిటో ఆమెకు తెలియకుండానే జవాబు ఇస్తుంది. దుర్భిణి నా చేతిలో ఉందనీ, ఏ కంటికి పెట్టుకోవాలో నేనే నిర్ణయించుకోవాలనీ అప్పుడు తెలిసింది. ఆ జాతీయానికి మూడో షరతు ఉందని నేను నేర్చుకున్నది ఆ పూటే.

బన్సీలాల్‌పేట్

నోటీసు కంపెనీవాళ్ళే పంపుతారు. అయినా నేను వెళ్ళాను. ఇప్పుడు దీపాలు పెట్టి అందరికీ చూపిస్తున్న మెట్లబావి అప్పట్లో చెత్తతో నిండి ఉండేది. దాని పక్క సందులో రెండు గదుల ఇల్లు. యాదమ్మ గడప దగ్గర కూర్చుని గోంగూర తుంచుతోంది. నన్ను గుర్తుపట్టి స్టూలు వేసింది.

నోటీసు తెలుగులో చదివాను. ఈసారి కాగితం మీద ఉన్నదే చదివాను. ఆమె చేతులు ఆగాయి.

“కావాల్నని ఇడిశిపెట్టిన్నని నేనెప్పుడన్న?”

“మీరు అనలేదమ్మా. నేను రాశాను.”

“నాకు సదివి ఇనిపిచ్చింది నువ్వే కద?”

“నేనే.”

“గప్పుడు గిది సదవలె.”

“చదవలేదు.”

లోపలి నుంచి అత్తగారు ఎవరొచ్చారని అడిగింది. కంపెనీ మనిషి అని యాదమ్మ చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

“మస్తుగుంటదా సార్ గది ఇంగిలీషుల? నువ్వు రాసిన మాట?”

“బాగుంటుందమ్మా,” అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

“ఉంటే ఉండనీ. నీ నోట్లె ఉంచుకోవద్దా? నా నోట్లె ఎందుకు పెట్టినవ్?”

షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసి, ఆమె అన్న ఆరు వాక్యాలూ చదివాను. ఇవి ఉన్నవి ఉన్నట్టు రాసి, ఇంగ్లీషు మాట నాదేనని విచారణాధికారికి ఇస్తానన్నాను. ఇచ్చినా వాళ్ళు వింటారో లేదో తెలియదని కూడా చెప్పాను.

“వాళ్ళు ఇనకుంటే?”

“మీ ఉద్యోగం పోతుంది.”

“నీది?”

“నాదీ పోవచ్చు.”

“గయితే రాయి,” అని మళ్ళీ గోంగూర అందుకుంది. “ఆ పోరి వేళ్ళు వంగుతలేవు సార్. నేను ఉత్తగ చేతులు దులుపుకుంటలేను. యాది మర్శిన. గంతే. గంతవరకు రాయి.”

రెండోసారి

ఏమైందో ముందే చెప్పేస్తాను. యాదమ్మ ఉద్యోగం పోలేదు. కొన్నాళ్ళు సస్పెండ్ చేసి, లైను నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. నన్ను ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు. నర్సింగరావు గారు నన్ను పొమ్మనలేదు గానీ రెండేళ్ళపాటు విచారణలకు పంపకుండా వీలునామాలు ఇచ్చి కూర్చోబెట్టారు. అది సరైన శిక్షే. చనిపోయినవాళ్ళ మాటలకు అలంకారాలు చేర్చాలని ఎవరికీ అనిపించదు.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది కొంచెమే. జాతీయాలు నేర్చుకోండి. నేను ఇప్పటికీ నేర్చుకుంటున్నాను. పెద్ద పుస్తకాలు చదివేటప్పుడు, ఉత్తరాలు రాసేటప్పుడు, ఎదుటివాడు మీ మీద జాతీయం విసిరినప్పుడు అవి అక్కరకొస్తాయి. కానీ మీరు రాస్తున్నది వేరేవాళ్ళ మాట అయితే, ఆ మనిషి వాడని అలంకారం మీరు వాడకండి. ఇప్పుడు ఫోన్లు రెండు క్షణాల్లో అనువాదం ఇస్తున్నాయి, ఒక్కోసారి అడగకుండానే జాతీయం కూడా చేర్చి ఇస్తున్నాయి. నాకున్న జబ్బే వాటికీ ఉంది. వాడుకోండి, తప్పులేదు. చదివి వినిపించేటప్పుడు మాత్రం కాగితం మీద ఉన్నదాన్నే తెలుగు చేస్తూ చదవండి. తడబడతారు. తడబడనివ్వండి. తప్పు దొరికేది అక్కడే.

ఇక ఆ రెండో వాంగ్మూలం సంగతి. నా ఉత్తరం అందాక విచారణాధికారి నన్ను పిలిపించారు. మీ సర్టిఫికెట్ అబద్ధమని మీరే అంటున్నారా అని ఇంగ్లీషులో అడిగారు. అవునన్నాను. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఏ జాతీయమూ అవసరం కాలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మారు. నమ్మడం ఆయన పని, నమ్మదగ్గట్టు రాయడం మా పని. వాంగ్మూలం మళ్ళీ తీసుకుంటామనీ, ఈసారి వేరే అనువాదకుడు రావాలనీ అన్నారు.

ఎవరిని తెస్తారో నాకు తెలియదు. వాంగ్మూలం తీసుకునే రోజు నన్ను బయట వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. కాసేపటికి గేటు దగ్గర ఆటో దిగి, చంకలో ఫైలుతో నర్సింగరావు గారు వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

“ఆఫీస్ కాగితం మీద రాయకు అన్న గానీ, నేను రాననలే కదా,” అని లోపలికి వెళ్ళిపోయారు.

కిటికీ తెరిచే ఉంది. పొయ్యిల దగ్గరి నుంచి బిస్కెట్ల వాసన వస్తోంది. యాదమ్మ చెప్పడం, టైపు మిషను చప్పుడు, రెండూ వినబడ్డాయి. తర్వాత నర్సింగరావు గారు చదవడం మొదలుపెట్టారు. ఆయన్ని అంత నెమ్మదిగా చదవగా నేను ఎప్పుడూ వినలేదు. ఒక వాక్యం చూసుకోవడం, ఆగడం, తెలుగు వెతుక్కోవడం, అనడం.

“పొయ్యి దగ్గర బెల్టు ఆగినందున అక్కడికి వెళ్ళాను.”

“ఎళ్ళలె సార్. ఉరికిన.”

“పరుగెత్తిన అని కొడ్తున్నమ్మా.” టైపు మిషను కదిలింది. “పరుగెత్తాను. ఆ తర్వాత మూత సంగతి నాకు గుర్తు రాలేదు.”

“ఆ.”

“అయిపోయింది. సంతకం పెట్టు.”

“తప్పు నాదే అన్నది ఉన్నదా?”

ఆమె ఏమడుగుతోందని విచారణాధికారి ఇంగ్లీషులో అడిగారు. నర్సింగరావు గారు చెప్పారు. దానికి ఆయన ఏదో మెల్లగా అన్నారు.

“గది లేకున్నా నడుస్తదంటున్నరమ్మా సార్. లేకుంటేనే నీకు మంచిదంట.”

“నేనన్నది నేనన్న. పెట్టుండ్రి.”

టైపు మిషను మళ్ళీ మోగింది. చిన్న వాక్యం, వెంటనే ఆగిపోయింది.

“ఇప్పుడు సదువుండ్రి.”

“తప్పు నాదే,” అని చదివారు నర్సింగరావు గారు.

“ఇయ్యుండ్రి. సంతకం పెడ్త.”